నెలలు నిండని శిశువు శ్వాసకు కృత్రిమ మేధ తోడు

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని శిశువు అంటారు. మరీ ముందుగా పుడితే ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలదు. అప్పుడు సీపాప్ లేదా వెంటిలేటర్ అవసరమవుతుంది.

ఆక్సిజన్ తగ్గితే ప్రాణాపాయం. ఎక్కువైతే రెటీనా దెబ్బతిని చూపు పోవచ్చు. వెంటిలేటర్ గొట్టం తొందరపడి తీస్తే మళ్లీ వేయాల్సి రావచ్చు. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులకే హాని.

గొట్టం ఎప్పుడు తీయాలో తేల్చేందుకు గుండె, శ్వాస లయలను కంప్యూటర్‌తో చదివించే పరిశోధన కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అయితే యంత్రం ఇచ్చేది సలహా మాత్రమే, నిర్ణయం డాక్టరుదే. బిడ్డ పాదానికి కట్టిన సెన్సార్ జారినా లెక్క తప్పుతుంది. దాన్ని గమనించే నర్సు పక్కనే ఉండాలి.

దాతలారా! యంత్రానికి విరాళమిచ్చేటప్పుడు సెన్సార్లు, నర్సుల శిక్షణ, శిశువుల కంటి పరీక్షల ఖర్చు కూడా కలిపి లెక్క వేయండి.