తల్లికి వేయించిన ఆసనము
(ధ్యానభాగములు: 1 రాజులు 2:19, 1 సమూయేలు 2:19)



మన ప్రాంతమునుండి భర్త ఉద్యోగము నిమిత్తము థాయిలాండు దేశమునకు వెళ్లి, బ్యాంకాకు పట్టణములో కాపురమున్న ఒక సహోదరి నన్నిట్లు అడిగినది: "అయ్యగారూ, మా పిల్లవాని బడిలో తల్లుల పండుగ చేయుచున్నారు. తల్లులను వరుసగా కుర్చీలలో కూర్చుండబెట్టుదురట. పిల్లలు మా యెదుట మోకాళ్లూని, తల వంచి మల్లెదండ ఇత్తురట. ఇది పూజయా, మర్యాదయా? నేను వెళ్లవచ్చునా? వెళ్లకపోతే వాడు ఖాళీ కుర్చీ ముందర నిలువవలసివచ్చును."

ఈ ప్రశ్న ఆమెది మాత్రమే కాదు. పెండ్లినాడు అత్తమామల కాళ్లకు దండము పెట్టవచ్చునా యని మన సంఘములలో ఎన్ని తగవులు లేచినవో మీరెరుగుదురు. కాబట్టి ఈ నెల దీనినే ధ్యానింతము.

ముందుగా ఆ పండుగ సంగతి తెలిసికొనవలెను. పూర్వము సయాము అనబడిన ఆ దేశములో 1976వ సంవత్సరమునుండి సిరికిత్ రాణి జన్మదినమైన ఆగస్టు 12ను తల్లుల దినముగా ఆచరించుచు వచ్చిరి. ఆ రాణి 2025 అక్టోబరు 24న మృతినొందినది. ఆమె భర్తయైన భూమిబల్ రాజు పుట్టిన డిసెంబరు 5 తండ్రుల దినము. ఆగస్టు 12 సెలవుదినము గనుక బడులవారు ఒకటి రెండు దినములు ముందుగానే తల్లులను పిలిపింతురు. రాణి చిత్రపటమునకు గౌరవవందనము చేయుటయు గలదు. ఆ దినమునకు గుర్తు మల్లెపూవు. వారి భాషలో దాని పేరు "మలి". మన చెవికి పరాయి మాటగా వినబడదు. బిడ్డ నేలమీద మోకరించి, దండనిచ్చి, తల్లి పాదములయొద్దనో ఒడిలోనో తల వంచును. తల్లి వానిని లేవనెత్తి కౌగిలించుకొనును. అంతే; ఆ పండుగకు ఇదియే ప్రాణము.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. బుద్ధుని విగ్రహము ఎదుటను, సన్యాసుల ఎదుటను సాగిలపడునప్పుడు వారు అరచేతులు విప్పి నేలకు ఆనించి మూడుమారులు మ్రొక్కుదురు. తలిదండ్రులకును పెద్దలకును నమస్కరించునప్పుడైతే చేతులు జోడించియే యుంచి, ఒక్కమారే తల వంచుదురు. దూరమునుండి చూచు మనకు రెండును ఒక్కటిగా తోచవచ్చును గాని, వాటికి భేదమున్నదని ఆ దేశపు పిల్లవానికి తెలియును. పరదేశపు ఆచారమును ఖండింపకముందు ఆ దేశస్థులను అడిగి తెలిసికొనుట న్యాయము గదా!

ఇక వాక్యమును చూతము. బత్షెబ తన కుమారుడైన సొలొమోను నొద్దకు వచ్చినప్పుడు రాజు సింహాసనమునుండి లేచి, ఆమెకు నమస్కరించి, తన కుడిపార్శ్వమున ఆమెకు ఆసనము వేయించెను. రాజే తల్లికి కుర్చీ వేయించెను! యోసేపు ఐగుప్తులో అధిపతియైయుండియు వృద్ధుడైన తండ్రి యెదుట నేలవరకు వంగెను (ఆదికాండము 48:12). మోషే తన మామకు వందనము చేసెను (నిర్గమకాండము 18:7); పెండ్లి తగవులు తీర్చు పెద్దలు ఈ వచనమును గుర్తు పెట్టుకొందురు గాక. హెబ్రీ భాషలో మనుష్యునికి వంగి మర్యాద చేయుటకును దేవుని ఆరాధించుటకును ఒకే మాట వాడబడినది. కాబట్టి నడుము వంగినంత మాత్రమున పూజ అని చెప్పజాలము. ఎవరికి, ఏ తలంపుతో వంగిరి అనునదే చూడవలెను. మొర్దెకై హామానుకు వంగలేదు. కొర్నేలీ తన పాదములమీద పడగా పేతురు అతనిని లేవనెత్తి, తానును మనుష్యుడనేనని చెప్పెను. ఇవియు లేఖనములే, వీటిని దాచిపెట్టి బోధింపరాదు.

సొలొమోను కథలో బోధకులు తరచుగా దాటిపోవు భాగము ఒకటున్నది. అంతగా నమస్కరించిన కుమారుడు, తల్లి అడిగిన మనవిని మాత్రము త్రోసివేసెను. అదోనీయా కొరకు ఆమె అడిగినది రాజ్యమునకే చేటు తెచ్చునదని అతడు గ్రహించెను. తల్లిని గౌరవించుట వేరు, ఆమె యడిగినదెల్ల చేయుట వేరు. అట్లే ఒక్కదినము మల్లెదండనిచ్చి తక్కిన దినములన్నియు తల్లిని కసరుకొను బిడ్డయు ఉండవచ్చును. ఆ దోషము దండది కాదు.

కాబట్టి ఆ సహోదరికి నేనిట్లు వ్రాసితిని: "అమ్మా, వెళ్లుము. చిత్రపటమునకు వందనము చేయునప్పుడు అందరితో లేచి నిలువుము. మన బడిలో జాతీయగీతమునకు నిలుచుటవంటిదే అది. విగ్రహము ఎదుట ధూపము వేయు భాగమేదైన ఉన్నయెడల ఊరకుండుము. ముందుగా ఉపాధ్యాయురాలితో మర్యాదగా చెప్పుము. వారి భాష రాదని వెనుకాడకుము. అక్కడ నీవు ఉపన్యాసము చేయనక్కరలేదు, కూర్చుండిన చాలును. నీ బిడ్డ నీకు వంగినప్పుడు వాని తలమీద చేయి ఉంచి మన తెలుగులోనే ఆశీర్వదించుము."

ఆమె ప్రశ్నలో నన్ను ఎక్కువగా కలతపెట్టినది ఆ ఖాళీ కుర్చీ. తల్లిలేని పిల్లల సంగతి ఆ దేశములోను చర్చకు వచ్చినది. కొన్ని బడులలో అమ్మమ్మనో ఉపాధ్యాయురాలినో ఆ కుర్చీలో కూర్చుండబెట్టుదురు. మన ఊళ్ల సంగతి చూడుడి. ఇక్కడ పరదేశములో ఉన్నది తల్లి, బడిలో ఉన్నది బిడ్డ. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో తలిదండ్రులను పిలిచి ఉపాధ్యాయులతో పెద్ద సమావేశము జరిపిరి. కడప, గోదావరి జిల్లాలనుండి ఎందరో తల్లులు కువైటు మొదలగు దేశములలో ఇండ్లలో పనిచేసి, ఆ జీతముతో బిడ్డలను చదివించుచున్నారు. వారు ఆ దినమున ఎట్లు రాగలరు?

హన్నా ఈ బాధ ఎరిగినది. ఆమె వచనము కూడ 2:19 అగుట జ్ఞాపకముంచుకొనుటకు సులభము. ఆమె రామాలోను, పిల్లవాడు షిలోహులోను ఉండిరి. ఏటేట బలియర్పించుటకు వెళ్లునప్పుడు వానికొక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెడిది. ఏడాది చూడని పిల్లవానికి కొలత ఎవరు చెప్పుదురు? ఎంత ఎదిగియుండునో తలపోసి బట్ట కత్తిరించియుండవలెను. మన తల్లులకైతే ఫోను ఉన్నది. బడి పిలిచిన దినము ముందుగా వారికి తెలియజేయుడి. ఆ దినమున నానమ్మ గాని పిన్నమ్మ గాని తప్పక వెళ్లవలెను. చదువు రాదని సిగ్గుపడవద్దు. ఎవరును లేని పిల్లలుంటే ముందటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత నాతో చెప్పుడి. ఏ బిడ్డ వెంట ఎవరు వెళ్లవలెనో స్త్రీల సమాజము వారు అక్కడనే ఏర్పాటు చేయుదురు.