పాత కారు ఎవరి చేతికి వెళ్తోంది?



మన విచారణలో ఎవరైనా కొత్త కారు కొంటే, ఆదివారం పూజ అయ్యాక దాన్ని గుడి ముందు ఆపుతారు. ఫాదర్‌గారు వచ్చి ప్రార్థన చెప్పి పవిత్ర జలం చల్లుతారు. పిల్లలు చుట్టూ చేరి అద్దాల్లో మొహాలు చూసుకుంటారు. అందరి కళ్లూ కొత్త బండి మీదే. అదే వారం ఆ ఇంటి నుండి వెళ్లిపోయిన పాత కారు ఎవరి చేతిలో పడింది, ఏం చెప్పి అమ్మారు అన్నది ఎవరూ అడగరు. ఈ వారం మన పాఠం ఆ పాత కారు గురించి.

మా ఇంట్లో 1996లో కొన్న మారుతి 800 ఉండేది. కార్బురేటర్ బండి. 796 సీసీ ఇంజను, మూడే సిలిండర్లు. మా అమ్మాయిని ప్రసవానికి ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ కారే. ప్రతి ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు ఐదుగురం పట్టేచోట ఏడుగురం కూర్చుని వెళ్లింది కూడా అందులోనే. (అది తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఎవరికీ తోచలేదు.) ఆ మోడలు తొలి కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ తయారీ కూడా ఆగింది. ఆ రెండూ ఇప్పటికీ చాలా ఇళ్లలో బతికే ఉన్నాయి. వాటిని మార్చాలా వద్దా అన్న చర్చ కూడా ఆ ఇళ్లలో భోజనాల దగ్గర నడుస్తూనే ఉంటుంది.

పాత కారు ఉండటం చిన్నతనం కాదు. 2013 సెప్టెంబరులో ఇటలీకి చెందిన ఒక వృద్ధ గురువు తాను వాడిన 1984 మోడల్ రెనో 4 కారును జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారికి కానుకగా ఇచ్చారు. అప్పటికే అది మూడు లక్షల కిలోమీటర్లు తిరిగి ఉంది. పాపుగారు దాన్ని సంతోషంగా తీసుకున్నారు. కాబట్టి పక్కింటివారు కొన్నారని మనమూ కొనడం ఒక కారణం కాదు. అయితే మార్చవలసిన కారణాలు నిజంగానే కొన్ని ఉన్నాయి.

అందరూ చెప్పే మొదటి కారణం "పదిహేనేళ్లు నిండాయి, ఇక తుక్కే" అన్నది. ఇందులో నిజం కొంతే. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు చెల్లుతుంది. ఆ తరువాత బండిని తనిఖీ చేయించి, ఐదేళ్లకొకసారి పొడిగించుకోవచ్చు. ఢిల్లీ ప్రాంతంలో పాత బండ్ల మీద వచ్చిన ఆంక్షలను, 2023 ఏప్రిల్ నుండి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను పక్కన పెట్టించిన నిబంధనను విని మనవాళ్లు కంగారు పడుతుంటారు. ఆ ప్రభుత్వ వాహనాల నిబంధన మన సొంత కార్లకు కాదు. కానీ పొడిగింపు ఖర్చు మాత్రం పెరిగింది. 2022 ఏప్రిల్‌లో కార్లకు ఆ రుసుము రూ.5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రూ.10,000 చేశారు. ఈ అంకె గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

నా దృష్టిలో అసలు కారణం భద్రత. మా 800లో ఎయిర్‌బ్యాగ్ లేదు. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు పట్టేసి బండి జారకుండా కాపాడే ఏబీఎస్ లేదు. కొత్త కార్లకు ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుండి, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలై నుండి తప్పనిసరి అయ్యాయి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ 2022 నుండి అన్ని కార్లలో వస్తోంది. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశంలోనే కార్లను గుద్దించి పరీక్షించి నక్షత్రాలు ఇస్తున్నారు. షోరూముకు వెళ్లినప్పుడు రంగు కంటే ముందు ఆ నక్షత్రాలు ఎన్నో అడగండి. పునీత క్రిస్టఫర్‌గారి పతకం డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోండి, వద్దనను. వెనుక సీటులో కూర్చున్న మామ్మగారికి కూడా బెల్టు పెట్టండి.

ఇక డబ్బు మాట. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గడంతో చాలామంది కొనే ఆలోచనలో పడ్డారు. ధర తగ్గడం మంచిదే కానీ, మన జేబు నుండి పోయేది వాయిదాల లెక్కన. ఉదాహరణకు ఆరు లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్లలో తీరిస్తే నెలకు సుమారు రూ.12,455, వడ్డీ మొత్తం రూ.1,47,000. "నెలకు పదివేలు కూడా పడదండీ" అని ఏడేళ్ల పథకం చూపిస్తారు. అందులో వాయిదా రూ.9,650 దగ్గరే ఉంటుంది, వడ్డీ మాత్రం రూ.2,10,000 దాటుతుంది. పాత కారు రిపేర్లకు ఏడాదికి నలభై వేలు పోతున్నాయని మా ఆవిడ గొడవ పెట్టేది. నెలకు చూస్తే అది మూడు వేల పైచిల్లర. డబ్బు ఒక్కటే కారణమైతే పాతదే లాభం అని ఆమెకు కాగితం మీద వేసి చూపించాను. ఆమె కాగితం చూసి, "మనవడిని అందులో ఎక్కించుకుని హైవే మీదకు వెళ్తారా?" అని ఒక్క మాట అడిగింది. ఆ ప్రశ్నకు లెక్క లేదు. కొత్త కారు కొనడానికి నిశ్చయించాం.

అసలు కథ అక్కడ మొదలైంది.

పాతదాన్ని అమ్మాలి. కార్ల కన్సల్టెన్సీ నడిపే ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. డ్రైవరు కాళ్ల కింద అడుగు రేకు తుప్పు పట్టి, వేలు పెడితే పొట్టు రాలుతోంది. ఆయనకు అది కొత్తగా తోచలేదు. "అడుగున నల్ల పెయింటు కొట్టించి పైన కొత్త మ్యాటు వేసేయండి మాస్టారూ. నలభై ఐదు వేలకు నేనే అమ్మిపెడతాను" అన్నాడు. ఆ రాత్రి నలభై ఐదు వేల ఖర్చు లెక్కలు కూడా వేసుకున్నాను. దాచకుండా చెబుతున్నాను.

మర్నాడు కొనడానికి వచ్చినవాడు మా వీధి చివర కరెంటు పనులు చేసే అబ్బాయి. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. నలుగురూ ఒకే మోటారు సైకిలు మీద తిరుగుతున్నారు. వానలో పిల్లలు తడవకుండా ఉంటే చాలని అతని కోరిక. మాకు వదిలించుకునే బండి, అతనికి జీవితంలో మొదటి కారు. మ్యాటు ఎత్తి చూడాలని కూడా అతనికి తెలియదు. "మీరు వాడిన బండి మాస్టారూ, ఇంక చూసేదేముంది?" అన్నాడు. మాయమాట చెప్పే అవసరం కూడా లేదు, ఊరకుంటే సరిపోతుంది. ఎదుటివాని తెలియనితనాన్ని, ఇబ్బందిని ఆసరా చేసుకుని ధర పెంచడం ఏడవ ఆజ్ఞకు విరుద్ధమని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2409వ పేరాలో స్పష్టంగా ఉంది. ఈ పేరాను నేను పిల్లలకు పాఠంగా చెప్పినవాడినే.

బండిని షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ జాకీ ఎత్తి, స్క్రూడ్రైవరుతో అడుగంతా పొడిచి చూశాడు. తలుపుల కింది దూలాలు గట్టిగా ఉన్నాయి, పోయింది ఒక్క చోటే. ఆ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించి, వెనుక బ్రేకులు మార్పించాను. ఆ దూలాలే తుప్పు పట్టి ఉంటే బండిని ఎవరికీ అమ్మకూడదు. అలాంటప్పుడు గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగించి సర్టిఫికెట్ తీసుకోవాలి. కొత్త కారు పన్నులో రాయితీకి అది పనికొస్తుంది. ఎంత రాయితీ అన్నది ఆయా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కేంద్ర నిబంధన ప్రకారం సొంత కార్లకు 25 శాతం వరకే.

రిపేరు ఫొటోలు, బిల్లు ఆ అబ్బాయికి చూపించాను. ఇంకొకటి కూడా చెప్పవలసి ఉంది. 2011, 2016, 2021లలో మూడుసార్లు పొడిగించిన మా రిజిస్ట్రేషన్ 2026 మార్చితో ముగుస్తుంది. అంటే కొన్న కొద్ది నెలలకే అతను పదివేల రుసుము కట్టి, బండిని తనిఖీకి పెట్టాలి. కన్సల్టెన్సీ ఆయన చెప్పనిదీ, సీ-బుక్కులో చిన్న అక్షరాల్లో ఉన్నదీ ఇదే. అది విని అబ్బాయి మొహం మాడింది. చివరికి ముప్పై వేలకు ఒప్పుకున్నాం. రిపేరు ఖర్చు నాదే. మా అబ్బాయి ఫోనులో "నాన్నా, పదిహేను వేలు పోగొట్టుకున్నావు" అన్నాడు. వాడి లెక్క తప్పు కాదు.

ఇప్పుడు అందరూ అశ్రద్ధ చేసే విషయం, పేరు మార్పిడి. 2003లో నేను ఒక స్కూటరు అమ్మాను. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి బ్రోకరు చేతికి ఇచ్చి మరచిపోయాను. ఆరేళ్ల తరువాత ఒక కానిస్టేబులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. స్కూటరు ఎవరినో గుద్దింది, పుస్తకంలో పేరు ఇంకా నాదే. దెబ్బలు చిన్నవి కావడం వల్ల బయటపడ్డాను. తప్పు పూర్తిగా నాదే.

పెద్ద దెబ్బలు తగిలితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. ఆ తరువాత అది మరికొన్ని చేతులు మారింది. 2009లో ఆ కారు తగిలి ఒక ప్రాణం పోయింది. రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి ఆయన పేరు మీదే ఉండిపోయింది. పుస్తకంలో ఎవరి పేరు ఉందో చట్టం దృష్టిలో యజమాని ఆయనేనని, నష్టపరిహారం బాధ్యత ఆయనదేనని న్యాయస్థానం చెప్పింది. ఇది కఠినంగా కనిపించవచ్చు. కానీ బిడ్డను పోగొట్టుకున్న కుటుంబం "ఎవరు ఎవరికి అమ్మారు" అని చేతులు మారిన వారందరి వెంట ఎందుకు తిరగాలి?

అందువల్ల అమ్మినవారు పద్నాలుగు రోజుల్లోగా ఆర్టీఓ కార్యాలయానికి తెలియజేయాలి. కొన్నవారికి ముప్పై రోజుల గడువు ఉంది. దీనికి ఫారం 29, ఫారం 30 కావాలి. ఖాళీగా సంతకం చేయకండి, కొన్నవారి పేరు, తేదీ రాయించి చేయండి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు పేరు ముందుగా తీయించాలి, దానికి ఫారం 35. ఇన్సూరెన్సు కూడా కొన్నవారి పేరుకు మారాలి, అందుకు వారు పద్నాలుగు రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. క్లెయిము చేయని ఏళ్లకు వచ్చే రాయితీ, అంటే ఇరవై నుండి యాభై శాతం వరకు ఉండే నో క్లెయిమ్ బోనస్, బండిది కాదు, మనది. కంపెనీ నుండి ఉత్తరం తీసుకుంటే అది కొత్త కారు ప్రీమియంలో తగ్గుతుంది. షోరూములోనే ఇన్సూరెన్సు తీసుకోవాలన్న నిర్బంధం లేదు. నాలుగు చోట్ల ధర అడగండి.

మేము ఆ అబ్బాయితో కలిసి కార్యాలయానికి వెళ్లాం. ఒక పూట పోయింది, ఎండ కూడా గట్టిగానే ఉంది. తాళాలు ఇచ్చే ముందు మా ఆవిడ అద్దానికి వేలాడుతున్న జపమాల తీసి కొంగున ముడి వేసుకుంది. నేను అద్దం మీది ఫాస్టాగ్ పీకి, బ్యాంకుకు చెప్పి ఖాతా మూయించాను. లేకపోతే వారు టోల్‌గేటు దాటిన ప్రతిసారీ మన డబ్బే పోతుంది.

మూడు వారాల తరువాత ఫోనులో ఎం-పరివాహన్ తెరిచి బండి నంబరు కొట్టాను. యజమాని పేరు పూర్తిగా చూపించదు, మధ్య అక్షరాలను నక్షత్రాలతో దాచేస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా అక్కడున్న మా ఇంటిపేరు మొదటి అక్షరం లేదు. ఆ అబ్బాయిది వచ్చింది.