తుపాకి గొట్టమును కడుగుటకు నీరు, కాపాడుటకు నూనె

అడవుల అంచున నున్న గ్రామములలో పంట చేతికి వచ్చు దినములందు అడవిపందుల బెడద రైతునకు నిద్ర పట్టనీయదు. అట్టి రైతు పంటరక్షణకై మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు కోరుటకు 1959 నాటి ఆయుధముల చట్టము అవకాశము కల్పించినది. అయితే లైసెన్సు ఉన్నంత మాత్రమున అడవిజంతువును చంపు హక్కు కలుగదు. అందులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద వేరుగా అనుమతి పొందవలెను.

లైసెన్సు సంపాదించుటలో చూపిన శ్రద్ధను తుపాకిని శుభ్రపరచుటలో పలువురు చూపరు. తుప్పు తినిన గొట్టము పగిలినచో పోవునది రైతు చేయి, లేదా కన్ను. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయము తెలిసికొని తోడి రైతులకు చెప్పుట అవసరము.

నూనె ఏల చాలదు?

పేల్చిన పిదప గొట్టములో నాలుగు చుక్కల నూనె విడిచిన చాలునని పెక్కుమంది నమ్మకము. ఇది పొరపాటు. నల్లని తుపాకిమందులో సాధారణముగా నూటికి 75 పాళ్లు సురేకారము, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము ఉండును. అది మండినప్పుడు సగమునకు పైగా వాయువుగా మారక ఘనపదార్థముగానే మిగులును. అందులో కొంత పొగతో పోగా, కొంత గొట్టపు గోడలకు మసివలె అంటుకొనును. ఆ మసిలోని పొటాషియం లవణములు గాలిలోని చెమ్మను పీల్చి ఇనుమును తుప్పు పట్టించును. వానకాలమున ఒక్క రాత్రి అశ్రద్ధ చేసినను తుప్పు మొదలు కావచ్చును.

ఉప్పుగల్లును నూనెలో వేసిన కరగదు. నీటిలో వేసిన కరగును. ఈ లవణముల సంగతియు ఇంతే. మసిపై నూనె పూసినచో శత్రువును ఇంటిలోనే ఉంచి తలుపు మూసినట్లగును. బ్రిటిషు సైన్యములో సైతము 303 రైఫిలును కాల్చిన పిదప గొట్టములో మరిగిన నీరు పోసి కడుగు పద్ధతి ఉండెడిది. ఆ తూటాల టోపీలు విడిచిపెట్టు లవణము నూనెకు లొంగకపోవుటయే అందులకు కారణము.

మొదట చూడవలసినది

తుపాకిలో మందు లేదని నిశ్చయించుకొనక పని మొదలుపెట్టరాదు. ముందుగా పేలుడు టోపీని తీసివేయవలెను. ముఖమును, అరచేతిని మూతికి ఎదురుగా ఉంచక దట్టించు కడ్డీని మెల్లగా లోనికి జార్చి, మూతివద్ద దానిపై గుర్తు పెట్టి వెలుపలికి తీయవలెను. ఆ కొలతను గొట్టము పైభాగమున ఆనించి చూచినచో, నిప్పు ప్రవేశించు రంధ్రము వరకు రావలెను. నాలుగు వ్రేళ్లు తక్కువైనచో లోపల మందుగాని, మరేదైన అడ్డుగాని ఉన్నదని అర్థము. కందిరీగ కట్టిన మట్టిగూడు అడ్డుపడినను గొట్టము పగులవచ్చును. అట్టి తుపాకిని కొట్టుట, కాచుట, తొలుచుట కూడదు. లైసెన్సు గల మరమ్మతుదారునకే చూపవలెను. లైసెన్సు లేనివారు తుపాకులు మరమ్మతు చేయుట నేరము.

శుభ్రపరచు విధానము

గొట్టము కొయ్యదిమ్మ నుండి ఊడివచ్చునదైనచో విడదీసి, సబ్బు కలిపిన వేడినీటితో కడుగవలెను. ఊడిరానిదైనచో తడిపి పిండిన నూలుగుడ్డను కడ్డీకి చుట్టి, గుడ్డ తెల్లగా వచ్చువరకు మార్చి మార్చి తుడువవలెను. గుడ్డ లోపల జారిపోకుండ గట్టిగా కట్టవలెను. నీరు కొయ్యలోనికిని, గుర్రములోనికిని పోనీయరాదు. తరువాత పొడిగుడ్డతో తడి ఏమాత్రము లేకుండ తుడిచి, పలుచని యంత్రపు నూనె పూయవలెను. కుట్టుమిషను నూనె ఇందులకు పనికివచ్చును. మరునాడు మరల ఒక గుడ్డ పోనిచ్చి చూడవలెను. ఎఱ్ఱని మరక కనబడినచో మొదటినుండి పని తిరిగి చేయవలెను.

పొగలేని మందుగల తూటాల తుపాకికి ఇత్తడి తీగల కుంచెయు, కిరసనాయిలును మసిని వదలించును. కుంచెను తూటా పెట్టు వైపునుండి మూతివైపునకు నడుపవలెను. కిరసనాయిలు ఆరిపోవును గనుక తుదకు నూనె పూయక తప్పదు. దానిని దీపము, బీడీ దగ్గర వాడరాదు. వేరుసెనగ నూనె వంటివి కాలక్రమమున జిగురుగా మారును. ఇసుక, ఇటుకపొడి, ఉక్కుతీగ గొట్టపు లోపలి నునుపును గీరివేయును.

ఎన్నికల వేళ

ఎన్నికల సమయమున తుపాకిని ఠాణాలో అప్పగింపవలసి వచ్చినప్పుడు అది వారముల కొలది అచటనే ఉండిపోవును. అప్పగించుటకు ముందే కడిగి, ఆరబెట్టి, నూనె పూయవలెను. తిరిగి తెచ్చుకొనిన దినమున మరల పరీక్షింపవలెను. ఇంటియందు గుడ్డసంచిలో దాచిన తుపాకికి చెమ్మ పట్టును. వాడుటకు ముందు గొట్టములోని నూనెను పొడిగుడ్డతో తీసివేయవలెను. లేనిచో మందు తడిసి అంటుకొనదు.

ఇందులకు కావలసినవి గుక్కెడు సబ్బు, చెంబెడు వేడినీరు, పాతగుడ్డ, కొద్ది నూనె. ఖర్చు స్వల్పము, కాపాడునది రైతు ప్రాణము. మీ గ్రామమున లైసెన్సు తుపాకి గల రైతులకు తదుపరి గ్రామసభనాడు ఈ నాలుగు మాటలు చెప్పుడు.