ఎక్కడ గోక్కుంటున్నాడో చూడు

శ్రావణీ,

మీ కుక్క టైగర్‌గాడి వీడియో చూశాను బిడ్డా. దిల్‌సుఖ్‌నగర్ మెడికల్ షాపులో కొన్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తున్నావట. ముందు అది ఆపెయ్యి. వాడు దాన్ని నాకి మింగుతాడు. రెండు రోజులు దురద అణిగినా, అసలు కారణం మరుగున పడుతుంది. పశువైద్యశాలలో ఉద్యోగం చేసినన్నాళ్లూ జనం అడిగింది ఒకటే, దురద తగ్గే మందు. దురద ఎందుకొచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

వాడు గోక్కునే చోటే సగం సంగతి చెబుతుంది. తోక మొదట్లో, నడుము మీద అయితే ఫ్లీస్ అనే గెంతే పురుగుల్ని అనుమానించు. తెల్లగుడ్డ తడిపి పరిచి, దాని మీద వాడి వీపు దువ్వు. రాలిన నల్లటి నలకలు తడి తగిలి ఎర్రగా కరిగితే అది పురుగుల మలం, అంటే వాడి నెత్తురే.

చెవి అంచులు, మోచేతుల దగ్గర వెంట్రుకలు రాలి పొట్టు లేస్తుంటే గజ్జి కావచ్చు. చెవి అంచును వేళ్ల మధ్య పెట్టి మెల్లగా రుద్దు. వెనక కాలు గాల్లో గోకడం మొదలుపెడితే అనుమానం బలపడినట్టే. నీ చేతుల మీద, నడుము దగ్గర దద్దుర్లు లేస్తే డాక్టరుకు అదీ చెప్పు. ఈ గజ్జి మనుషులకూ అంటుతుంది.

వీడియోలో వాడు ఎక్కువగా పాదాలే నాకుతున్నాడు. పాదాలు, చంకలు, పొట్ట అయితే నాకు ఎలర్జీ మీదికే మనసు పోతుంది. ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగులకో, తిండికో. చాలా కుక్కల్లో ఈ బాధ ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు వయసులో మొదలవుతుంది. తిండి మీద అనుమానం ఉంటే డాక్టరు చెప్పిన ఒకే రకం ఆహారం ఎనిమిది వారాలు పెట్టాలి. మధ్యలో ఒక్క పాలబిస్కెట్ పెట్టినా పరీక్ష చెడుతుంది. మీ అమ్మ దొంగచాటుగా పెట్టే బిర్యానీ బొక్కలు కూడా లెక్కలోకి వస్తాయి!

పిడుదుల సంగతి వేరు. కడుపునిండా నెత్తురు తాగిన ఆడ పిడుదు కుక్క మీంచి రాలి, గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్కకు మాత్రమే మందు వేసి, సెల్లారూ వాచ్‌మన్ గదీ వదిలేస్తే మళ్లీ వస్తాయి. కనిపించినదాన్ని పట్టకారుతో చర్మం దగ్గరగా పట్టి నిదానంగా లాగు. కిరోసిన్ పొయ్యకు, గోళ్లతో నలపకు. జ్వరం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే ఆలస్యం చెయ్యకు. పిడుదుల నుంచి ఎర్లీషియా ఇన్‌ఫెక్షన్ సోకుతుంది.

డాక్టరు చూడకుండా ఎవరైనా ఐవర్‌మెక్టిన్ సూది వేస్తానంటే వద్దను. కోలీ జాతి కుక్కల్లో కొన్నింటికి అది ప్రాణం మీదికి తెస్తుంది. టైగర్‌గాడు వీధికుక్కే అయినా మోతాదు తూకం చూసే వెయ్యాలి.

నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకు తీసుకెళ్లు. లేదంటే ఎల్బీనగర్ నుంచి ఆరాంఘర్ దారిలో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. మెట్రోలో కుక్కల్ని ఎక్కనివ్వరు, ఆటో మాట్లాడుకో. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూడమని అడుగు. ముందురోజు స్నానం చేయించకు, నూనె రాయకు. ఈ ముసురుకు చెవుల్లోంచి పులిసిన వాసన వస్తోందేమో కూడా చూసి చెప్పు. రిపోర్టు రాగానే ఫొటో పంపు.

మీ పెదనాన్న