కీటో ఆహారం, ఉపవాసం, ఇంట్లో కీటోన్ పరీక్ష: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న (తెనాలి): మధుమేహం లేని 46 ఏళ్ల వ్యాపారి ఒకరు అన్నం మానివేసి, కొబ్బరినూనె ప్రధానమైన ఆహారంతో నాలుగు నెలల్లో బాగానే బరువు తగ్గారు. తొలి వారాల్లో మూత్రంలో ముంచిన పట్టీ ముదురు ఊదారంగుకు మారేది. ఇప్పుడు రంగు పట్టడం లేదు. కొత్తగా కొన్న మీటరు కూడా ఉదయం పూట 0.4, 0.5 అంకెలనే చూపుతోంది. కొవ్వు కరగడం ఆగిపోయిందా, నూనె పెంచాలా, రెండు రోజులు ఉపవాసం ఉండాలా అన్నది వారి సందేహం.

జవాబు: కొవ్వు కరగడం ఆగిపోయిందని ఈ అంకెలను బట్టి చెప్పడానికి వీలులేదు. ఆహారంలోని పిండిపదార్థం రోజుకు 20 నుంచి 50 గ్రాముల లోపుకు తగ్గినప్పుడు రక్తంలో ఇన్సులిన్ పడిపోయి, ఒంటిలోని కొవ్వు కణాలు కొవ్వు ఆమ్లాలను విడిచిపెట్టగా, కాలేయం వాటిలో కొంత భాగాన్ని కీటోన్లు అనే చిన్న పదార్థాలుగా మార్చి మెదడుకు, గుండెకు, కండరాలకు ఇంధనంగా పంపుతుంది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలై డెల్టా వాసుల కంచాల్లో స్థిరపడిన బీపీటీ 5204తో సహా ఏ బియ్యంలోనైనా 100 గ్రాములకు దాదాపు 78 గ్రాములు పిండిపదార్థమే కాబట్టి, ఒక్క పూట అన్నంతోనే ఆ హద్దు దాటిపోతుంది.

కీటోన్లు మూడు రకాలు. మూత్రపు పట్టీ గుర్తించేది అసిటోఅసిటేట్‌ను. వేలి రక్తంతో పనిచేసే మీటరు కొలిచేది బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ను. మూడవదైన అసిటోన్ ఊపిరితో బయటికి పోతూ నోటికి పండిన పండు వాసన తెస్తుంది. వారాలు గడిచేకొద్దీ మూత్రపిండాలు కీటోన్లను వృథాగా పోనీయకుండా వెనక్కు తీసుకుంటాయి కనుక మూత్రపు పట్టీ వెలవెలబోవడం సహజం. విటమిన్ సి ఎక్కువ మోతాదులో వాడేవారిలోనూ, డబ్బా మూత సరిగా పెట్టక పట్టీలకు గాలిలోని తేమ తగిలినప్పుడూ కీటోన్లు ఉండి కూడా లేనట్టే కనిపించవచ్చు.

రక్తంలో లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోళ్ల వరకు ఉండే స్థితిని అమెరికన్ పరిశోధకులు స్టీఫెన్ ఫిన్నీ, జెఫ్ వోలెక్ పోషకాహారపు కీటోసిస్‌గా వర్ణించారు. ఇది ఒక స్థితికి గీసిన సరిహద్దు మాత్రమే. ఎక్కువ వచ్చినవారికి ఎక్కువ మార్కులు పడే పరీక్ష కాదు. కాలేయం తయారుచేసినదానికీ, కండరాలు, మెదడు వాడుకున్నదానికీ మధ్య మిగిలినదే మీటరుపై కనిపిస్తుంది. దుగ్గిరాల లాకుల దగ్గర నీటిమట్టం చూసినంత మాత్రాన పైనుంచి ఎంత నీరు వస్తున్నదో, కింది పొలాలు ఎంత తాగుతున్నాయో తెలియనట్టే, 0.4 అన్న ఒక్క అంకె ఆ రెండింటిలో దేనినీ విడిగా చెప్పదు. పైగా ఈ ఆహారం తీసుకునేవారిలో చాలామందికి ఉదయం తక్కువగా, సాయంత్రం ఎక్కువగా రావడం మామూలే.

నూనె పెంచాలన్న ఆలోచన సరికాదు. వీరమాచనేని రామకృష్ణ ప్రచారం వల్ల కోస్తా ఊళ్లలో ఇంటింటా తెలిసిన పద్ధతిలో రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, 4 లీటర్ల నీరు, మల్టీవిటమిన్ మాత్రలు ముఖ్యాంశాలు. ఆ కొవ్వులో ప్రధానమైన కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో సుమారు ఏడో వంతు మిగతావాటికన్నా పొట్టి గొలుసు గలవి కావడం వల్ల, అవి పేగు నుంచి నేరుగా కాలేయానికి చేరి త్వరగా కీటోన్లుగా మారతాయి. అంటే నూనె తాగిన గంటకు అంకె పెరిగితే, కరిగింది కడుపులోకి పోసిన నూనె కావచ్చు. నడుము దగ్గరి కొవ్వు అయి ఉండవలసిన అవసరం లేదు. 100 గ్రాముల నూనెలో దాదాపు 900 కెలోరీలు ఉంటాయి కాబట్టి, బరువు నిలిచిపోయినప్పుడు మొదట తగ్గించి చూడవలసింది నూనెనే. ఉదయపు కాఫీలో కలిపిన నూనె కూడా ఆహారమే కనుక, అది తాగిన తరువాతి గంటలను ఉపవాసం కింద లెక్కవేయకూడదు. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే అయినందున కొలెస్టరాల్ పరీక్షను వాయిదా వేయడం కూడా మంచిది కాదు.

రెండు రోజులు పస్తుంటే మీటరు అంకె పెరుగుతుంది, సందేహం లేదు. జార్జ్ కాహిల్, ఆలివర్ ఓవెన్ తదితరులు 1967లో ప్రకటించిన పరిశోధనలో, స్థూలకాయులు ఆసుపత్రిలో ఉండి ఐదారు వారాలు ఆహారం లేకుండా గడిపినప్పుడు మెదడు ఇంధనంలో సగానికి పైగా కీటోన్ల నుంచే వచ్చింది. అయితే వారు అనుక్షణం వైద్యుల పర్యవేక్షణలో ఉన్నారు. అదీ గాక అటువంటి ఉపవాసంలో కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. ఈ పాఠకుడు పట్టీల మీద పెట్టే డబ్బుతో ఒక కొలత టేపు కొని వారానికొకసారి నడుము కొలుచుకోవడం మేలు. అది తగ్గుతున్నంత కాలం 0.4 గురించి బెంగ అక్కరలేదు.

ప్రశ్న (బాపట్ల): ఒకే పూట వరుసగా రెండుసార్లు పరీక్షిస్తే 0.7, 1.2 వచ్చాయి. మీటరు చెడిపోయిందా? గ్లూకోజు పట్టీనే అందులో వాడవచ్చా?

జవాబు: గ్లూకోజు పట్టీ కీటోన్లను కొలవదు, రెండింటికీ వేర్వేరు పట్టీలు ఉంటాయి, కీటోన్ పట్టీ చాలా ఖరీదు కూడా. సముద్రపు గాలి వీచే ఊళ్లో రేకు కవరు ముందే చించి ఉంచిన పట్టీ తేమకు పాడవుతుంది కనుక, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరిన తరువాతనే కవరు చింపాలి. నూనె, నిమ్మరసం, శానిటైజరు తడి ఏదీ వేలి మీద ఉండకూడదు. సూదిని వేలి కొసన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. వేలిని గట్టిగా పిండితే కణజాలపు నీరు కలిసి రక్తం పలచబడుతుంది. చుక్క చాలకపోతే అదే పట్టీకి మళ్లీ అద్దకుండా కొత్తది తీసుకోవాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా చిన్న తేడాలు వస్తూనే ఉంటాయి. మధుమేహం లేని మనిషికి 0.7కూ 1.2కూ మధ్య తేడాతో ఆహారంలో గాని, ఆరోగ్యంలో గాని మార్చుకోవలసింది ఏమీ లేదు.

ప్రశ్న (రేపల్లె): 54 ఏళ్ల గృహిణి ఒకరు మధుమేహానికి డాపాగ్లిఫ్లోజిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతూనే రెండు వారాలుగా కీటో ఆహారంలో ఉన్నారు. షుగరు 130, 140 దగ్గర ఉంటోంది, కీటోన్లు 2.1 చూపాయి. అంకె చక్కగా ఉందని తెలిసినవారు మెచ్చుకున్నారు. కార్తీక సోమవారాలు పగలంతా పస్తుండి, చుక్కలు చూశాక భోజనం చేయాలని వారి కోరిక.

జవాబు: డాపాగ్లిఫ్లోజిన్ వాడకం, పిండిపదార్థం మానివేయడం, పగలంతా పస్తు: ఈ మూడూ ఒకరిలో కలవకూడదు. ఈ సోదరి సోమవారం కోసం ఎదురుచూడకుండా తమ వైద్యుణ్ణి ఈ రోజే కలవాలి. అప్పటివరకు ఆ మాత్ర వేసుకోకుండా, అన్నంతో మామూలు భోజనం చేసి, నీరు బాగా తాగాలి.

కారణం వివరంగా తెలుసుకోదగినది. ఈ తరగతి మాత్రలు రక్తంలోని చక్కెరను మూత్రంలోకి వంపివేస్తాయి. చక్కెర తగ్గడంతో శరీరం ఇన్సులిన్‌నూ తగ్గిస్తుంది. ఇన్సులిన్ తగ్గిన కొద్దీ కొవ్వు విరిగి కీటోన్లు పెరుగుతాయి. ఇదే సమయంలో పిండిపదార్థమూ అందకపోతే కీటోన్లు హద్దు దాటి రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోఅసిడోసిస్ రావచ్చు. మామూలుగా ఆ ప్రమాదంలో షుగరు 250 దాటి 400, 500 చూపి హెచ్చరిస్తుంది. ఈ మాత్రలు వాడేవారిలో 150 దగ్గర ఉండగానే వచ్చిపడవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015 మే నెలలోనే ఈ విషయమై హెచ్చరించి, 2020లో శస్త్రచికిత్సకు కనీసం 3 రోజుల ముందే ఈ మాత్ర ఆపాలని సూచించింది. ఆపిన తరువాత కూడా ప్రభావం కొన్ని రోజులు మిగులుతుంది కాబట్టి, సోమవారం ఒక్క ఉదయం మాత్ర మానివేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020 అక్టోబరులో ముగిసి ధర బాగా తగ్గిన తరువాత మందుల దుకాణాల్లో ఇది అనేక పేర్లతో దొరుకుతున్నది. అందువల్ల అట్ట మీది పెద్ద అక్షరాల పేరుతో ఆగక, కింద చిన్న అక్షరాలలో ఉండే మందు పేరు చదవడం అవసరం. గుండె, మూత్రపిండాలకు మేలు చేసే మంచి మందు ఇది. దోషం మందుది కాదు, కలయికది.

కాబట్టి కీటో ఆహారంలో ఉన్న, మధుమేహం లేనివారికి సాధారణమైన 2.1, ఈ సోదరి విషయంలో మెచ్చుకోవలసిన అంకె కాదు. మధుమేహ రోగుల్లో 0.6 లోపు మామూలు, 1.5 దాటితే వైద్యుణ్ణి సంప్రదించాలి. 3 దాటినా, అంకె ఎంత ఉన్నా వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో కూడిన లోతైన ఊపిరి, విపరీతమైన నీరసం కనిపించినా 108కు ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో షుగరు తక్కువగా ఉందని తిప్పి పంపకుండా ఉండేందుకు, వాడుతున్న మాత్ర పేరు, కీటోన్ అంకె మొదటి మాటగానే చెప్పాలి.

గ్లిమెపిరైడ్‌తో మరొక చిక్కు ఉంది. అది తిండి ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది కాబట్టి, పస్తున్న మధ్యాహ్నం షుగరు 70 కంటే కిందికి పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు; అప్పుడు మూడు చెంచాల గ్లూకోజు పొడి వెంటనే తీసుకోవాలి. పిండిపదార్థం తగ్గిస్తే షుగరు తగ్గుతుందన్నది నిజమే; కనుకనే మాత్రల మార్పు ఆహారం మార్చడానికి ముందు జరగాలి, తరువాత కాదు. ఇన్సులిన్ మీద ఆధారపడిన టైప్ 1 రోగులు మాత్రం ఏ ఉపవాసం కోసమూ సొంతంగా ఇన్సులిన్ ఆపకూడదు.

వ్రతం విషయంలో, రోగులకు పాలు పండ్లతో గడపడానికి ఇంటి పెద్దలు ఎప్పటినుంచో అనుమతి ఇస్తూనే ఉన్నారు; రంజాన్ ఉపవాసాల్లోనూ రోగులకు సడలింపు ఉన్నది. దీపం పెట్టి, శివాలయానికి వెళ్లి, వేళకు భోజనం చేసిన సోమవారానికి లోటేమీ లేదు.

ప్రశ్న (రేపల్లె దగ్గరి గ్రామం): ఐదు నెలల బిడ్డకు పాలిచ్చే తల్లి కీటో ఆహారంతో బరువు తగ్గవచ్చా?

జవాబు: తగదు. పాల తయారీకి తల్లి ఒంటి నుంచి రోజూ గ్లూకోజు ఖర్చవుతుంది. ఆ సమయంలో పిండిపదార్థం మానివేసిన తల్లుల్లో మధుమేహం లేకున్నా కీటోఅసిడోసిస్ వచ్చిన సందర్భాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. అన్నం ఒక పిడికెడు తగ్గించి, నిజాంపట్నం చేపలు, ఆకుకూరలు, పెరుగు పెంచి, సాయంత్రం నడిస్తే ఈ నెలల్లో అది చాలు. పాలు మాన్పించిన తరువాత మిగతా ఆలోచన చేయవచ్చు.