లాభమొకటి – మాటలు నాలుగు

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంగ్లీషులో లాభాన్ని, మేలును తెలిపే ముఖ్య పదాల మధ్య గల అర్థభేదాన్ని వివరించడం, సందర్భానికి తగిన తెలుగు మాటను ఎంచుకొనే నేర్పును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

మాటకు అర్థం తెలియడం వేరు. ఆ మాట ఎక్కడ ఒదుగుతుందో తెలియడం వేరు. అడ్వాంటేజ్, బెనిఫిట్, ప్రాఫిట్, గెయిన్ అనే నాలుగు ఇంగ్లీషు పదాలకూ అర్థం చెప్పమంటే పలువురు విద్యార్థులు ‘లాభం’ అన్న ఒక్కమాటతో ముగిస్తారు. ఆ సమాధానం పూర్తిగా తప్పు కాదు. కాని దానితో తృప్తిపడినవారు జీవిత బీమా పత్రాన్ని చదవవలసి వచ్చినప్పుడు తికమకపడక తప్పదు. అందులో ‘డెత్ బెనిఫిట్’ అనే మాట ఉంటుంది. దానిని ‘మరణ లాభం’ అని అనువదిస్తే వినేవారి మనస్సు నొచ్చుకొంటుంది. ఇంటిపెద్దను కోల్పోయిన కుటుంబానికి కలిగినది లాభం కాదు. ఒప్పందం ప్రకారం అందవలసిన సొమ్ము మాత్రమే. మరి ఆ మాట అక్కడికెట్లా వచ్చింది?

బెనిఫిట్ లాటిన్ మూలం గల పదం. ‘బెనె’ అంటే చక్కగా, ‘ఫాక్టుమ్’ అంటే చేసినది. కాబట్టి దాని తొలి అర్థం ఉపకారం. ఈ పదం వినగానే ‘ఎవరికి?’ అన్న ప్రశ్న పుట్టాలి. 2013 జనవరి 1న భారత ప్రభుత్వం ప్రారంభించిన ‘డైరెక్ట్ బెనిఫిట్ ట్రాన్స్‌ఫర్’ విధానాన్ని తెలుగులో ‘నగదు బదిలీ’ అని వ్యవహరిస్తారు. ఆ అనువాదంలో సొమ్ము కనిపిస్తుంది గాని, పొందేవారు కనిపించరు. ‘లబ్ధిదారు’ అన్న మాట ఆ లోటును తీరుస్తుంది. పూర్వం ఇంగ్లండు నాటకశాలలలో రాబడి ఒక నటునికో, నటికో చెందేటట్లు వేసే ప్రదర్శనను బెనిఫిట్ అనేవారు. తెలుగునాట అగ్రతారల చిత్రాల విడుదలవేళ వేసిన ప్రత్యేక ప్రదర్శనలకు ‘బెనిఫిట్ షో’ అన్న పేరు స్థిరపడింది. పేరు నిలిచింది, ‘ఎవరికి?’ అన్న ప్రశ్నకు జవాబు మాత్రం మారింది.

అడ్వాంటేజ్ అన్న పదానికి మూలం ‘ముందు’ అనే అర్థం గల ఫ్రెంచి మాట ‘అవాఁ’. ముందుండడమంటే మరొకరు వెనుక ఉండడమే. కనుక ఈ పదం అడిగే ప్రశ్న ‘ఎవరికంటె?’ అని. టెన్నిస్ ఆటలో ఇద్దరూ నలభై వద్ద సమానమైన తరువాత ఒకరు పాయింటు గెలిస్తే దానిని అడ్వాంటేజ్ అంటారు. అది గెలుపు కాదు, ఆధిక్యం మాత్రమే. తరువాతి పాయింటు పోతే ఆ ఆధిక్యమూ పోతుంది. ఇదే పదంతో ఏర్పడిన ‘టేక్ అడ్వాంటేజ్’ అనే పలుకుబడిని మరింత జాగ్రత్తగా గ్రహించాలి. గ్రంథాలయం విషయంలో ఆ మాట వాడితే ‘సద్వినియోగం చేసుకోవడం’ అని అర్థం. ఒక మనిషి పేదరికం విషయంలో వాడితే ‘అలుసుగా తీసుకోవడం’ అని అర్థం. మొదటిది ప్రశంస, రెండవది నింద. రెంటికీ ‘లాభం పొందడం’ అని వ్రాస్తే న్యాయాన్యాయాల భేదమే చెరిగిపోతుంది.

ప్రాఫిట్, గెయిన్ అన్నవి అంకెలతో ముడిపడిన మాటలు. ప్రాఫిట్‌కు లాటిన్ మూలంలో ముందుకు సాగడమని అర్థం. వ్యాపారంలో అది ఖర్చులు పోగా మిగిలినదానికి పేరయింది. గెయిన్‌కు మూలమైన పాత జర్మానిక్ పదానికి మేతతో, వేటతో సంబంధం ఉంది. తిరిగి సంపాదించుకొన్నది, ఉన్నదానికి అదనంగా చేరినది గెయిన్. అందుకే శరీరం బరువు పెరగడం కూడా ఇంగ్లీషులో గెయినే. అది మేలో కీడో ఆ పదం చెప్పదు.

ఈ భేదాన్ని ఒక రైతు లెక్కతో గ్రహించవచ్చు. ఎకరాకు 38,000 రూపాయలు ఖర్చు చేసి 30 బస్తాల ధాన్యం పండించి, బస్తా 1,600 రూపాయలకు అమ్మాడనుకొందాం. రాబడి 48,000, మిగులు 10,000. మరుసటి ఏడు ఎరువులకు, కూలికి 10,000 అదనంగా వెచ్చించి 35 బస్తాలు పండించాడు. అదే ధరకు రాబడి 56,000, ఖర్చు 48,000, మిగులు 8,000. దిగుబడిలో అయిదు బస్తాల గెయిన్ ఉంది. ప్రాఫిట్ మాత్రం 2,000 తగ్గింది. ‘దిగుబడి లాభం’ అన్న ప్రకటనను నమ్మిన రైతు ‘ఏ ఖర్చు పోగా?’ అని అడగకపోతే నష్టపోతాడు. ఆ ప్రశ్ననే తెలుగు రైతు ‘గిట్టుబాటు అవుతుందా?’ అన్న మాటలో ఏనాడో ఇమిడ్చాడు.

ఇట్లా ఎవరికి, ఎవరికంటె, ఏ ఖర్చు పోగా, ఎంత అదనం అన్న నాలుగు ప్రశ్నలే ఈ నాలుగు పదాలకు తాళపు చెవులు. రేపు ఉద్యోగ నియామక పత్రంపైనో, బ్యాంకు రుణ పత్రంపైనో సంతకం చేయబోయే విద్యార్థికి ఇవి పరీక్షలో మార్కులకంటె ఎక్కువగా అక్కరకు వస్తాయి. మన పెద్దలు ఉత్తరాలలో ‘యోగక్షేమాలు’ అడిగేవారు. లేనిదానిని పొందడం యోగం, పొందినదానిని కాపాడుకోవడం క్షేమం. మాట అర్థాన్ని నిశితంగా గ్రహించినవారికే ఆ రెండూ దక్కుతాయి.

అర్థాలు

లబ్ధి = పొందినది
ఆధిక్యం = పైచేయి
అలుసు = లోకువ
నిశితంగా = సూక్ష్మంగా

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు సమాధానాలు వ్రాయండి.
1. ‘డెత్ బెనిఫిట్’ను ‘మరణ లాభం’ అని అనువదించడం ఎందుకు తగదు?
2. గెయిన్ ఉన్నా ప్రాఫిట్ తగ్గే సందర్భాన్ని సొంత ఉదాహరణతో వివరించండి.

ఆ) తగిన పదంతో ఖాళీలను పూరించండి.
1. ఎదుటివారి మంచితనాన్ని _______గా తీసుకోరాదు.
2. పంట బాగా పండినా ధర _______ కాలేదు.