మంటనార్పే కెమిస్ట్రీకి బెంగళూరులో కొలువులు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా పుచ్చుకుని బెంగళూరు వచ్చే మన పిల్లలు కోడింగ్ కోర్సులో చేరేముందు ఒక్కసారి పాలిమర్ ల్యాబ్‌ల వైపు చూడాలి.

రబ్బరులా సాగుతూ, ప్లాస్టిక్‌లా కరిగించి పోతపోయడానికి వీలయ్యేవి థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్లు. ఈవీ ఛార్జింగ్ కేబుళ్ల తొడుగులకు వీటిని వాడతారు. మంట వ్యాపించకుండా ప్లాస్టిక్‌లలో చాలాకాలంగా బ్రోమిన్, క్లోరిన్ సమ్మేళనాలు కలుపుతూ వచ్చారు. అవి కాలితే ఊపిరి సలపనివ్వని ఆమ్ల వాయువులు వెలువడతాయి. సొరంగ మెట్రోలో అది ప్రాణాంతకం. అందుకే హాలోజెన్ లేని ఫ్లేమ్ రిటార్డెంట్లు కావాలి.

చిక్కంతా ఇక్కడే. వాటిలో ఒకటైన అల్యూమినియం హైడ్రాక్సైడ్ 200 డిగ్రీల దగ్గరే నీటిని వదలడం మొదలుపెడుతుంది. చాలా ఎలాస్టోమర్లను ఎక్స్‌ట్రూడర్‌లో నడిపేది ఆ వేడిలోనే, దాంతో తొడుగులో బుడగలు వస్తాయి. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ 300 డిగ్రీల వరకు తట్టుకుంటుంది కానీ, బరువులో సగానికి పైగా ఆ పొడే కలపాల్సి వచ్చి సాగే గుణం దెబ్బతింటుంది. ఫాస్ఫరస్ సమ్మేళనాలు తక్కువ మోతాదులోనే బొగ్గుపొర కట్టించి మంటను అడ్డుకుంటాయి. వాటిలో కొన్నింటికి తేమ పడదు, ధరా ఎక్కువే. ఈ తూకం కుదర్చడమే ఫార్ములేషన్ సైంటిస్టు పని. మంట నిరోధాన్ని తేల్చే యూఎల్ 94 వీ-0 పరీక్షలో నిలువు నమూనాకు 10 సెకన్లు మంటపెట్టి తీస్తే, 10 సెకన్లలోపు ఆరిపోవాలి. రాలే నిప్పుచుక్క కింది దూదిని అంటించకూడదు.

ఇక ల్యాబ్‌ల సంగతి. జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) 2000లో బెంగళూరులో పరిశోధన కేంద్రం తెరిచింది. 2007లో దాని ప్లాస్టిక్స్ వ్యాపారాన్ని రసాయనాల సంస్థ సాబిక్ కొన్నది, ఆ సంస్థకూ ఇక్కడ టెక్నాలజీ సెంటర్ ఉంది. కేబుళ్లను పరీక్షించే సీపీఆర్ఐ 1960 నుంచి ఈ నగరంలోనే ఉంది. ప్లాస్టిక్స్ ఇంజినీరింగ్ సంస్థ సిపెట్ పరిశోధన విభాగం, ఐఐఎస్సీ సరేసరి.

బీఎస్సీ వాళ్లకు సిపెట్ పీజీ డిప్లొమా మంచి దారి, హైదరాబాద్, విజయవాడల్లోనూ సిపెట్ కేంద్రాలున్నాయి. ఎంటెక్ చేయాలనుకునేవాళ్లు గేట్ ఎక్స్‌ఈ పేపర్లో పాలిమర్ సైన్స్ విభాగం ఎంచుకోవచ్చు. కొత్త అణువుల పరిశోధనకు పీహెచ్‌డీ తప్పదు, టెస్టింగ్, అప్లికేషన్ డెవలప్‌మెంట్ కొలువులకు ఎమ్మెస్సీ, ఎంటెక్ చాలు. నా దృష్టిలో మార్కుల కన్నా ట్విన్‌స్క్రూ ఎక్స్‌ట్రూడర్ మీద చేయి తిరగడమే పెద్ద అర్హత. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుగా ఒక ఎలాస్టోమర్‌లో ఒక ఫాస్ఫరస్ సమ్మేళనాన్ని మూడు మోతాదుల్లో కలిపి, మంట నిరోధం, సాగుడు రెండూ కొలవండి. ఆ ఫలితాలను మీ రెజ్యూమె మొదటి పేజీలోనే పెట్టండి.